బేరియం టైటనేట్ పింగాణీ పొడి: ఘనస్థితి తయారీ, ఉష్ణ విశ్లేషణ

బేరియం టైటనేట్ తెల్లని పింగాణీ పదార్థం. ఒక బేరియం, ఒక టైటానియం, మూడు ఆక్సిజన్ పరమాణువుల లెక్కన పెరోవ్‌స్కైట్ స్ఫటిక నిర్మాణంలో ఇది ఏర్పడుతుంది. సెల్‌ఫోన్ బోర్డు మీద వందల సంఖ్యలో అతికించి ఉండే అతిచిన్న కెపాసిటర్లలో విద్యుదావేశాన్ని నిలిపే పొర చాలావరకు దీనితో చేసిందే. బేరియం కార్బొనేట్, టైటానియం డయాక్సైడ్ పొడులను కలిపి, కరగనివ్వకుండా కాల్చి దీన్ని తయారుచేయడాన్ని ఘనస్థితి సంశ్లేషణ అంటారు. ఆ మిశ్రమాన్ని ఒక క్రమంలో వేడిచేస్తూ దాని బరువు, అది పీల్చే లేదా వదిలే వేడి ఎలా మారుతున్నాయో కొలవడం ఉష్ణ విశ్లేషణ. పొడిని ఎంత వేడిలో, ఎంతసేపు కాల్చాలో తేల్చేది ఈ కొలతలే. అయితే బరువు తగ్గడం ఆగిపోగానే పొడి తయారైందని భావించడం ఈ పనిలో తరచూ జరిగే పొరపాటు. అది ఎందుకు పొరపాటో తెలిస్తేనే ఈ చర్య అర్థమవుతుంది.

పదార్థం, దాని చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధకాలంలో రేడియోలకు, రాడార్లకు కెపాసిటర్ల గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. అప్పట్లో నాణ్యమైన కెపాసిటర్లకు మైకాయే ఆధారం. ప్రపంచానికి కావలసిన పలకల మైకాలో పెద్ద వాటా భారతదేశం నుంచే వెళ్ళేది. అప్పటి బిహార్‌లోని కోడర్మా ఒక వనరైతే, నెల్లూరు జిల్లా గూడూరు ప్రాంతపు గనులు మరొకటి. యుద్ధంలో ఆ సరఫరా మీద భరోసా తగ్గడంతో ప్రత్యామ్నాయాల వేట మొదలైంది. టైటానియం డయాక్సైడ్‌కు బేరియం కలిపి కాలిస్తే రోధక స్థిరాంకం (విద్యుదావేశాన్ని నిలిపే సామర్థ్యానికి కొలత) వెయ్యి దాటుతోందని 1940ల తొలి సగంలో అమెరికాలో వైనర్, సాలమన్, జపాన్‌లో ఒగావా, వాకు, సోవియట్ యూనియన్‌లో వుల్, గోల్డ్‌మన్ ఎవరికివారే గుర్తించారు. మైకా రోధక స్థిరాంకం పది లోపే ఉంటుంది. ఈ తేడాకు కారణం ఫెర్రోఎలక్ట్రిక్ స్వభావమని, అంటే స్ఫటికంలో దానంతటదే ఏర్పడే విద్యుత్ ధ్రువణాన్ని బయటి విద్యుత్ క్షేత్రంతో తిప్పగలగడమని, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో వాన్ హిప్పెల్ బృందం యుద్ధం ముగిసే రోజుల్లో నిరూపించింది. సరళమైన ఆక్సైడ్‌లో ఈ గుణం కనిపించడం అదే మొదలు.

గది వేడిలో ఈ స్ఫటికం ఘనం కాదు. ఒక వైపు సుమారు 1 శాతం సాగి చతుష్కోణీయ రూపంలో ఉంటుంది. 120 నుంచి 130 డిగ్రీల సెల్సియస్ మధ్య ఆ సాగుడు పోయి ఘనాకృతి వస్తుంది. దాన్నే క్యూరీ బిందువు అంటారు. సుమారు 5 డిగ్రీల దగ్గర, మళ్ళీ సున్నాకు 90 డిగ్రీల దిగువన మరో రెండు రూపమార్పులున్నాయి. 1,430 డిగ్రీలు దాటాక షడ్భుజ రూపం స్థిరపడుతుంది. 1,620 డిగ్రీల ప్రాంతంలో కరుగుతుంది. తెలంగాణలోని గద్వాలలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటినా క్యూరీ బిందువుకు చాలా దూరమే గనుక పరికరం లోపలి కెపాసిటర్‌కు ఆ వేడి లెక్కలోకి రాదు. ఎక్స్‌7ఆర్ అనే తరగతి కెపాసిటర్లను సున్నాకు దిగువన 55 నుంచి ఎగువన 125 డిగ్రీల వరకు కెపాసిటెన్స్ 15 శాతానికి మించి మారకుండా తయారుచేస్తారు.

లాంథనం వంటి మూలకాన్ని అతి కొద్దిగా చేరిస్తే ఇదే పింగాణీ విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. క్యూరీ బిందువు దాటగానే దాని నిరోధం వేల రెట్లు పెరుగుతుంది. ఫ్రిజ్ కంప్రెసర్‌ను స్టార్ట్ చేసే రిలేలో, దోమల లిక్విడ్‌ను ఆవిరిచేసే ప్లగ్‌లోని హీటర్‌లో వాడే బిళ్ళలు ఈ రకానివే. బోరు మోటారు స్టార్టర్ దగ్గర మెకానిక్‌లు మార్చే కండెన్సర్ మాత్రం ఇది కాదు. అందులో సాధారణంగా ఉండేది పలుచని ప్లాస్టిక్ ఫిల్మ్.

ముడిసరుకు

బేరియానికి మూలం ముగ్గురాయి, అంటే బేరియం సల్ఫేట్ ఖనిజం. ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ఉన్న ముగ్గురాయి నిక్షేపం ఒకేచోట ఉన్న అలాంటి నిక్షేపాల్లో ప్రపంచంలోనే అతిపెద్దవాటిలో ఒకటి. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ దాన్ని తవ్వుతోంది. ఆ రాతిపొరలు కడప బేసిన్‌కు చెందినవి. ఆ బేసిన్ ఉత్తరపు కొస కృష్ణా నది దాటి నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ పీఠభూమి దాకా వస్తుంది. శ్రీశైలం దారిలో కనిపించే గట్టి ఇసుకరాతి గుట్టలు, మంగంపేట ముగ్గురాయి ఒకే పెద్ద పురాతన సముద్రపు మేటల్లోవి. మంగంపేట రాయిలో అధిక భాగం చమురు బావుల తవ్వకంలో బురద బరువు పెంచడానికి వెళ్ళిపోతుంది. రసాయనాలుగా మారే వాటా తక్కువ. రాయిగా అమ్మితే వచ్చే విలువకూ, ఎలక్ట్రానిక్ స్థాయి పొడిగా మార్చి అమ్మితే వచ్చే విలువకూ ఉన్న దూరం చూస్తే ఈ వాటా పెరగవలసిందే అనిపిస్తుంది.

బేరియం సల్ఫేట్ నీటిలో గానీ ఆమ్లాల్లో గానీ కరగదు. ఆస్పత్రిలో ఎక్స్-రే తీసే ముందు రోగి చేత ధైర్యంగా తాగించగలగడం అందుకే. కరగని రాయిని కరిగే సమ్మేళనంగా మార్చడానికి బొగ్గుపొడితో కలిపి 1,000 డిగ్రీలకు పైగా కాలుస్తారు. సల్ఫేట్ కాస్తా సల్ఫైడ్ అవుతుంది. దాన్ని వేడినీటిలో కరిగించి కార్బన్ డయాక్సైడ్ గానీ సోడా యాష్ గానీ కలిపితే బేరియం కార్బొనేట్ తెల్లగా పేరుకుంటుంది. శ్రీకాళహస్తిలో విష్ణు బేరియం సంస్థ ఈ సరుకు తయారుచేస్తోంది. ఈ మార్గంలో వచ్చిన కార్బొనేట్‌లో కొద్దిగా గంధకం, స్ట్రాన్షియం మిగులుతాయి. స్ట్రాన్షియం బేరియం స్థానంలో చేరిందంటే ప్రతి ఒక్క మోల్ శాతానికి క్యూరీ బిందువు 3 డిగ్రీలకు పైగా దిగిపోతుంది. కాబట్టి ముడిసరుకు శుద్ధత సంగతి పొడి తయారయ్యాక కూడా ఉష్ణ విశ్లేషణలో బయటపడుతుంది.

టైటానియం డయాక్సైడ్‌కు మూలం సముద్రతీరపు ఇసుకలోని ఇల్మనైట్. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఆ ఇసుక ఉంది. దాన్నుంచి తెల్లపొడి తీసే పాత కర్మాగారాలు కేరళలో ఉన్నాయి. తిరువనంతపురంలోని ట్రావన్‌కోర్ టైటానియం అనటేజ్ రూపాన్ని, చవరలోని కేరళ మినరల్స్ అండ్ మెటల్స్ రూటైల్ రూపాన్ని తయారుచేస్తాయి. ఘనస్థితి చర్యకు సాధారణంగా అనటేజ్‌ను ఎంచుకుంటారు. దాని రేణువులు సన్నగా దొరుకుతాయి, చర్య తొందరగా సాగుతుంది.

బేరియం కార్బొనేట్‌తో జాగ్రత్త అవసరం. సల్ఫేట్‌లా కాకుండా ఇది కడుపులోని ఆమ్లంలో కరుగుతుంది, విషం. ఒకప్పుడు ఎలుకల మందుగా వాడేవారు. మాస్కు లేకుండా తూచకూడదు. దాన్ని నూరిన కల్వాన్ని మరి దేనికీ వాడకూడదు.

కలపడం, కాల్చడం

చర్య రాసుకుంటే చాలా సులువు. ఒక మోల్ బేరియం కార్బొనేట్, ఒక మోల్ టైటానియం డయాక్సైడ్ కలిసి ఒక మోల్ బేరియం టైటనేట్‌ను ఇస్తాయి, ఒక మోల్ కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. 100 గ్రాముల పొడి కావాలంటే 84.62 గ్రాముల కార్బొనేట్, 34.25 గ్రాముల డయాక్సైడ్ తూచాలి. కాలిన తరువాత 118.87 గ్రాములు కాస్తా 100 అవుతుంది; తగ్గుదల 15.9 శాతం. ఈ ఒక్క సంఖ్య చుట్టూనే మొత్తం ఉష్ణ విశ్లేషణ తిరుగుతుంది.

సున్నం కూడా కార్బొనేట్‌ను ఇలా కాల్చి చేసేదే. అక్కడ సున్నపురాయి తన వాయువును తానే వదులుతుంది, 900 డిగ్రీలు చాలు. బేరియం కార్బొనేట్ అంత తేలికగా విడిపోదు. చుట్టూ కార్బన్ డయాక్సైడ్ వాతావరణ పీడనంతో ఉంటే దానికి 1,300 డిగ్రీలకు మించిన వేడి కావాలి. అయినా టైటానియం డయాక్సైడ్ తగిలిన చోట 600 నుంచి 700 డిగ్రీలకే వాయువు రావడం మొదలవుతుంది. కార్బొనేట్ దానంతట అది విడిపోవడం కాదు ఇది. రెండు రేణువులు తాకిన చోట చర్య జరిగి వాయువు బయటికి వస్తోంది. తాకే చోట్లు ఎన్ని ఎక్కువైతే చర్య అంత త్వరగా జరుగుతుంది. అందుకే కలపడం అనే పని కాల్చడమంత ముఖ్యం.

అగేట్ కల్వంలో ఎసిటోన్ పోసి గంటల తరబడి నూరడం చిన్న ప్రయోగశాలల పద్ధతి. పెద్ద ఎత్తున చేసేటప్పుడు జిర్కోనియా గుండ్లున్న బాల్ మిల్‌లో నీటితో లేదా ఆల్కహాల్‌తో తిప్పుతారు. నీటితో తిప్పితే ఆరబెట్టేటప్పుడు బరువైన కార్బొనేట్ కిందికి, తేలిక డయాక్సైడ్ పైకి విడిపోయే ప్రమాదముంది. త్వరగా ఆరబెట్టాలి, మధ్యలో కలియబెట్టాలి. ఇంకో జాగ్రత్త తరచూ విస్మరిస్తారు. తూచే ముందు రెండు పొడులనూ విడివిడిగా వేడిచేసి, వాటిలోని తేమ, ఇతర ఆవిరులు ఎంతో కనుక్కుని ఆ మేరకు తూకం సరిచేయాలి. బేరియం, టైటానియం నిష్పత్తి 1 శాతం తప్పినా పింగాణీ గుణం మారిపోతుంది. టైటానియం ఎక్కువైతే 1,320 డిగ్రీల ప్రాంతంలో ద్రవం పుట్టి రేణువులు ఇష్టం వచ్చినట్టు పెరుగుతాయి. బేరియం ఎక్కువైతే రేణువులు పెరగవు, పొడి తేమకు లోనవుతుంది.

కొలిచే సాధనాలు

1887లో ఫ్రాన్స్‌లో ల షాటెలియే బంకమట్టిని వేడిచేస్తూ థర్మోకపుల్‌తో దాని వేడిని గమనించాడు. 1899లో ఇంగ్లండ్‌లో రాబర్ట్స్-ఆస్టెన్ నమూనా పక్కనే మారని పదార్థాన్ని ఉంచి రెండింటి వేడిలో తేడాను కొలిచాడు. అదే భేదాత్మక ఉష్ణ విశ్లేషణ, డీటీఏ. 1915లో జపాన్‌లో కోటారో హోండా కొలిమిలో వేలాడే త్రాసును నిర్మించడంతో ఉష్ణభార విశ్లేషణ, టీజీఏ మొదలైంది. వేడి పరిమాణాన్ని నేరుగా కొలిచే డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరిమెట్రీ, డీఎస్‌సీ 1960ల తొలినాళ్ళది. ఈనాటి పరికరాలు ఒకే నమూనా మీద బరువు, వేడి రెండూ ఒకేసారి కొలుస్తాయి. కొన్నింటికి వెలువడే వాయువును గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్ కూడా జోడించి ఉంటుంది.

నమూనా 10 నుంచి 50 మిల్లీగ్రాములు, వేడిచేసే వేగం నిమిషానికి 5 లేదా 10 డిగ్రీలు మామూలు. పరికరం చెప్పే డిగ్రీలు సరిగ్గా ఉన్నాయో లేదో 156.6 డిగ్రీలకు కరిగే ఇండియం, 419.5కు కరిగే జింక్, 961.8కు కరిగే వెండితో సరిచూస్తారు. అల్యూమినా మూస చాలా పనులకు సరిపోతుంది. అధిక వేడిలో బేరియం దానితో చర్య జరపగలదు గనుక 1,000 డిగ్రీలు దాటే ప్రయోగాలకు ప్లాటినం మూస మేలు. ఖాళీ మూసతో ఒకసారి అదే వేగంతో నడిపి ఆ రేఖను తీసివేయాలి. వేడెక్కిన గాలి పలుచబడి త్రాసు తప్పు బరువు చూపుతుంది. మిల్లీగ్రాముల లెక్కలో అది చిన్న తప్పు కాదు.

రేఖను చదవడం

గది వేడి నుంచి 200 డిగ్రీల వరకు కొద్దిగా తేమ పోతుంది, బరువు సాధారణంగా 1 శాతం కూడా తగ్గదు. 200 నుంచి 500 మధ్య ఏదైనా తగ్గుదల, దానితోపాటు వేడి విడుదల కనిపిస్తే అది నూరేటప్పుడు కలిపిన సేంద్రియ పదార్థం మండడమే. పాలీవినైల్ ఆల్కహాల్ కలిపి బిళ్ళలుగా నొక్కిన నమూనాలో ఈ భాగం స్పష్టంగా ఉంటుంది. దీన్ని 15.9 శాతంలో కలిపి లెక్కేస్తే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి.

600 డిగ్రీలు దాటాక అసలు కథ మొదలవుతుంది. సన్నగా నూరిన మిశ్రమంలో బరువు మెల్లగా దిగడం మొదలై, 700 దాటాక వేగం అందుకుంటుంది. ముతక పొడుల్లో ఇదే దశ 100, 150 డిగ్రీలు ఆలస్యంగా వస్తుంది. తగ్గుదల సాధారణంగా రెండు అంచెల్లో కనిపిస్తుంది. రేణువులు తాకిన చోట నేరుగా జరిగే చర్య మొదటి అంచె. ఆ చోట్లన్నీ బేరియం టైటనేట్ పొరతో కప్పుకుపోయాక బేరియం అయాన్లు ఆ పొర గుండా టైటానియం డయాక్సైడ్ రేణువు లోపలికి చొచ్చుకెళ్ళాలి. అది నెమ్మదిగా జరిగే పని, రెండో అంచె. ఈ ప్రయాణంలో కదిలేది ప్రధానంగా బేరియం, ఆక్సిజన్. టైటానియం దాదాపు ఉన్నచోటనే ఉంటుంది. కాబట్టి తయారయ్యే బేరియం టైటనేట్ రేణువు పరిమాణం మొదట వాడిన టైటానియం డయాక్సైడ్ రేణువును బట్టి ఉంటుంది. సన్నని పొడి కావాలంటే సన్నని డయాక్సైడ్‌తోనే మొదలుపెట్టాలి. ఫిలిప్స్ సంస్థలో డెట్లెఫ్ హెన్నింగ్స్ బృందం 2001లో ప్రచురించిన పరిశోధన అతిసన్నని ముడిసరుకుతో ఘనస్థితి మార్గాన్ని మళ్ళీ పోటీలో నిలబెట్టింది.

810 డిగ్రీల దగ్గర డీటీఏ రేఖ ఒక్కసారిగా లోతుగా దిగి లేస్తుంది. కొత్తగా చూసేవారు దీన్ని ప్రధాన చర్యగా పొరబడటం సహజం. అదే వేడి దగ్గర బరువు రేఖ చూస్తే అక్కడ ప్రత్యేకమైన మెట్టు ఏదీ ఉండదు. ఇది బేరియం కార్బొనేట్ స్ఫటిక రూపం మారడం మాత్రమే, ఉష్ణగ్రాహక మార్పు. ఈ లోయ ఎంతో ఉపయోగకరమైనది. అక్కడికి చేరేసరికి ఇంకా ఎంత కార్బొనేట్ మిగిలి ఉందో దాని వైశాల్యం చెబుతుంది. సరిగా నూరని మిశ్రమంలో అది పెద్దదిగా, బాగా నూరిన మిశ్రమంలో చిన్నదిగా ఉంటుంది. 800 లోపే చర్య ముగిసిన సన్నని పొడుల్లో అసలు కనిపించదు. కాల్చిన పొడిని తిరిగి పరికరంలో పెట్టినప్పుడు 810 దగ్గర చిన్న గుంట కనిపించినా అందులో చర్య జరగని కార్బొనేట్ ఉన్నట్టే. 970 డిగ్రీల ప్రాంతంలో కార్బొనేట్‌కు మరో రూపమార్పు ఉంది. అనటేజ్ రూటైల్‌గా మారే ఉష్ణమోచక మార్పు కూడా ఈ పరిధిలోనే జరగవచ్చు గానీ అది వెడల్పుగా, బలహీనంగా ఉండి మిగతా వాటి కింద దాగిపోతుంది.

చాలా మిశ్రమాల్లో 1,000 డిగ్రీల లోపు బరువు రేఖ సమతలమవుతుంది. ఇక్కడే ఆగిపోకూడదు.

బరువు చెప్పని సంగతి

తొలుత ఏర్పడిన బేరియం టైటనేట్ పొర మీద ఇంకా బేరియం కార్బొనేట్ ఉంటే ఆ రెండూ కలిసి రెండు బేరియాలున్న ఆర్థోటైటనేట్‌గా మారతాయి. అప్పుడూ కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. రేణువు లోపల మిగిలిపోయిన టైటానియం డయాక్సైడ్‌తో ఈ ఆర్థోటైటనేట్ ఆ తరువాత కలిసి బేరియం టైటనేట్ అవుతుంది. ఈ చివరి అడుగులో ఏ వాయువూ రాదు, బరువు రవ్వంత కూడా మారదు.

కాబట్టి మూసలో అంతా బేరియం టైటనేటే ఉన్నా, మోళ్ళ లెక్కన సగం ఆర్థోటైటనేట్, సగం మారని టైటానియం డయాక్సైడ్ ఉన్నా బరువు తగ్గుదల అదే 15.9 శాతం. త్రాసుకు ఈ తేడా తెలియదు. తెలిసేది ఎక్స్-రే వివర్తనానికి. ఈ మార్గాన్ని వివరించిన పరిశోధనల్లో 1959 నాటి టెంపుల్టన్, పాస్క్ వ్యాసం, 1983 నాటి బోజే, మ్యుతాఁ, నియెప్స్ వ్యాసాలు ఇప్పటికీ చదవదగినవి. ఆర్థోటైటనేట్ మిగిలిన పొడి గాలిలో తేమను పట్టుకుంటుంది. బిళ్ళగా నొక్కి 1,300 డిగ్రీలకు సింటరింగ్ (రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడేలా కాల్చడం) చేసేటప్పుడు వ్యాకోచించి బిళ్ళను పగలగొడుతుంది.

చుట్టూ ఉండే వాయువు ఈ మధ్యంతర పదార్థం మీద పెద్ద ప్రభావం చూపుతుంది. కార్బన్ డయాక్సైడ్ ప్రవాహంలో కాలిస్తే చర్య ఆలస్యంగా, మరింత వేడి దగ్గర మొదలవుతుంది గానీ ఆర్థోటైటనేట్ ఏర్పడటం తగ్గుతుంది. శూన్యంలో గానీ గాలి ధారాళంగా తగిలేచోట గానీ చర్య తక్కువ వేడికే జరుగుతుంది. దీనికి ఆచరణలో ఉన్న విలువ చాలా పెద్దది. 20 మిల్లీగ్రాముల నమూనా మీద పుట్టిన వాయువు క్షణాల్లో కొట్టుకుపోతుంది. కిలో పొడిని లోతైన పాత్రలో పోసి కొలిమిలో పెడితే అడుగున ఉన్న పొడి తను వదిలిన వాయువులోనే మునిగి ఉంటుంది. పరికరంలో 950 డిగ్రీలకు ముగిసిన చర్య అక్కడ 1,050కి కూడా ముగియకపోవచ్చు. పొడిని పలుచగా పరచడం, మధ్యలో తీసి మళ్ళీ నూరి రెండోసారి కాల్చడం పాత తరం నుంచి వస్తున్న మందు, ఇప్పటికీ అంతకన్నా చవకైనది లేదు.

వేగాల లెక్క

చర్య ఎంత వేగంగా సాగుతుందో సమీకరణంలో పెట్టే ప్రయత్నం 1927లో జాండర్‌తో మొదలైంది. గుండ్రని రేణువు చుట్టూ పొర మందమయ్యే కొద్దీ చర్య మందగిస్తుందన్నది ఆయన ఊహ. 1950లో గిన్‌స్ట్‌లింగ్, బ్రౌన్‌ష్టైన్ దాన్ని సవరించారు. వేర్వేరు వేగాలతో వేడిచేసి శిఖరం ఎంత జరిగిందో చూసి ఉత్తేజక శక్తిని తేల్చే పద్ధతి కిస్సింజర్‌ది, 1957. ఒజావా (1965), ఫ్లిన్, వాల్ (1966) బరువు రేఖకు అలాంటి మార్గమే చూపారు. బేరియం టైటనేట్ మీద ప్రచురితమైన ఉత్తేజక శక్తి విలువలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. అందులో వింతేమీ లేదు. రేణువు పరిమాణం, వాయువు, పాత్ర లోతు మారితే జరిగే పనే మారుతుంది. ఒకే వేగంతో తీసిన ఒకే రేఖ నుంచి ఈ విలువను లాగడం నమ్మదగింది కాదని అంతర్జాతీయ ఉష్ణ విశ్లేషణ సమాఖ్య 2011లో ఇచ్చిన సూచనలు చెబుతున్నాయి. కనీసం మూడు, నాలుగు వేగాలు కావాలి.

తయారైన పొడి పరీక్ష

పూర్తయిన పొడిని డీఎస్‌సీలో 30 నుంచి 200 డిగ్రీల వరకు నడిపితే క్యూరీ బిందువు దగ్గర చిన్న ఉష్ణగ్రాహక శిఖరం కనిపించాలి. గ్రాముకు సుమారు ఒక జౌల్ మాత్రమే, చాలా చిన్నది. శిఖరం 120 నుంచి 130 మధ్య నిటారుగా ఉంటే పొడి శుద్ధమైనదీ చతుష్కోణీయమైనదీ అని నమ్మవచ్చు. కిందికి జరిగితే స్ట్రాన్షియం వంటి మలినాన్ని అనుమానించాలి. శిఖరం పరుచుకుపోయినా కనిపించకపోయినా రేణువులు మరీ సన్నవై ఉండవచ్చు, 100 నానోమీటర్ల దరిదాపుల్లో చతుష్కోణీయత క్షీణిస్తుంది. ఎక్స్-రే వివర్తనంలో 45 డిగ్రీల దగ్గరి రేఖ రెండుగా చీలిందా లేదా అన్నది దీనికి తోడు సాక్ష్యం.

ఆక్సలేట్, హైడ్రోథర్మల్, సోల్-జెల్ మార్గాల్లో ఇంతకన్నా సన్నని పొడి వస్తుంది. హైడ్రోథర్మల్ పొడిలో చిక్కుకున్న హైడ్రాక్సిల్ సమూహాలు 600 డిగ్రీల లోపు బరువు తగ్గుదలగా టీజీఏలో కనబడతాయి. టన్నుల లెక్కలో చవకగా చేయడానికి మాత్రం ఘనస్థితి మార్గమే నిలబడింది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రయోగశాలల్లో

2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి ఏర్పడిన ఈ మూడు జిల్లాల డిగ్రీ, పీజీ చదువులు 2008లో నెలకొన్న పాలమూరు విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. వనపర్తి, గద్వాల, కొల్లాపూర్‌లలో దానికి పీజీ కేంద్రాలున్నాయి. గద్వాల కోటలోని మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ కళాశాల, వనపర్తి రాజభవనంలో 1959 నుంచి నడుస్తున్న పాలిటెక్నిక్ ఇంకా పాతవి. పదార్థ విజ్ఞానంలో పెద్ద పరికరాలు, అనుభవం హైదరాబాద్‌లో ఉన్నాయి: బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ, కంచన్‌బాగ్‌లోని డీఎంఆర్‌ఎల్, ఎన్‌ఎఫ్‌టీడీసీ, చర్లపల్లిలోని సీ-మెట్ అనే పరిశోధనా సంస్థలు, ఉస్మానియా, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాలు. కానీ ఈ చర్యను అర్థం చేసుకోవడానికి అంతదూరం వెళ్ళనవసరం లేదు. మఫిల్ ఫర్నేస్, మిల్లీగ్రాము చూపే త్రాసు, డెసికేటర్ ఉంటే సరిపోతుంది.

7.119 గ్రాముల బేరియం కార్బొనేట్, 2.881 గ్రాముల టైటానియం డయాక్సైడ్ తూచి కల్వంలో బాగా నూరాలి. ఆ పది గ్రాములను ముందే కాల్చి బరువు చూసిన మూసలో పోసి 600, 700, 800, 900, 1,000 డిగ్రీల దగ్గర ఒక్కో విడతకు నాలుగు గంటలు ఉంచి, డెసికేటర్‌లో చల్లార్చి తూచాలి. చర్య ముగిస్తే పొడి 8.412 గ్రాములకు చేరాలి. ప్రతి విడతలోనూ చిటికెడు పొడి పక్కకు తీసేట్లయితే తీసిన బరువును లెక్కలో రాసుకోవాలి. ఆ చిటికెడును సజల ఎసిటిక్ ఆమ్లంలో కదిపితే చర్య జరగని కార్బొనేట్ నురగ కక్కుతూ కరుగుతుంది. ఆర్థోటైటనేట్ మిగిలి ఉంటే దానిలోని బేరియం కూడా ద్రావణంలోకి వస్తుంది. బేరియం టైటనేట్ చాలావరకు అడుగునే ఉండిపోతుంది. వడకట్టిన ద్రవంలో సోడియం సల్ఫేట్ వేస్తే పేరుకునే తెల్లని అవక్షేపాన్ని ఆరబెట్టి తూచడం బీఎస్సీ విద్యార్థులు ఎలాగూ నేర్చుకునే భార విశ్లేషణే. బరువు రేఖ సమతలమయ్యాక కూడా ఈ ద్రవంలో బేరియం కనబడితే త్రాసు చెప్పని సంగతి ఆమ్లం చెప్పినట్టు. అలాంటి పొడిని మళ్ళీ నూరి, మరో 100 డిగ్రీలు పెంచి కాల్చాలి.

ఈ ప్రయోగం చేసే అధ్యాపకులకు, పరిశోధక విద్యార్థులకు ఒక విన్నపం. ఫలితం రాసేటప్పుడు నమూనా బరువు, వేడిచేసిన వేగం, మూస రకం, పొడి ఎంత లోతుగా పోశారు, చుట్టూ ఏ వాయువు ఉంది, టైటానియం డయాక్సైడ్ అనటేజో రూటైలో తప్పకుండా రాయండి. ఇవి లేకుండా రాసిన 950 డిగ్రీలు ఇంకొకరి కొలిమిలో పనికిరాదు.